వాళ్లు మొక్క నాటలేదు, లెక్క రాశారు!

నమస్కారం. విశాఖలో ఒక బడి, తొమ్మిదో తరగతి పిల్లలు, ఒక నోటుపుస్తకం. వారం రోజులుగా తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపుల్లో నడుస్తున్న గొడవ మీకు తెలిసిందే. వార్షికోత్సవం మర్నాడు ఆ పిల్లలు వేదిక వెనక పడి ఉన్న చెత్తను విడివిడి కుప్పలుగా పోశారు. థర్మోకోల్ అక్షరాలు, ప్లాస్టిక్ జెండాలు, స్వాగతం ఫ్లెక్సీ. ఏది ఎంతో రాసి, పుస్తకం ప్రధానోపాధ్యాయుడి బల్ల మీద పెట్టి, "వచ్చే ఏడు ఇవి వద్దు సార్" అన్నారు. అంతే! "చదువుకోవడానికి పంపామా, చెత్త ఏరడానికా" అని పెద్దలంతా విరుచుకుపడ్డారు.

నేను సూటిగా చెబుతున్నాను. మన బడుల్లో ఇన్నేళ్లుగా నాటిన మొక్కలన్నీ ఒక ఎత్తు, ఆ నోటుపుస్తకం ఒక్కటీ ఒక ఎత్తు!

వనమహోత్సవం రోజున ఏం జరుగుతుంది? గుంత తీస్తారు, అతిథి చెయ్యి వేస్తారు, ఫొటో తీస్తారు. వేసవి సెలవుల్లో నీళ్లు పోసే దిక్కు లేక మొక్క ఎండిపోతుంది. మరుసటి ఏడు అదే గుంతలో ఇంకో మొక్క, ఇంకో ఫొటో. నేను హుద్‌హుద్ తుపాను చూసినవాణ్ణి. 2014 అక్టోబరు 12న గాలి తగ్గాక బయటికి వస్తే, మా వీధిలో కూలకుండా నిలిచిన చెట్టుకు కూడా ఆకు మిగల్లేదు. చెట్టు లేని ఎండ ఎలా ఉంటుందో ఆ తర్వాత అనుభవించాం. అందుకే ఫొటో కోసం నాటే మొక్కను చూస్తే నాకు కడుపు మండుతుంది.

పిల్లలు కోరింది గొంతెమ్మ కోరిక కాదు. అలంకరణ థర్మోకోల్, ప్లాస్టిక్ జెండాలు, 100 మైక్రాన్లకన్నా పలచని పీవీసీ బ్యానర్లు 2022 జులై 1 నుంచి దేశమంతటా నిషేధం. పర్యావరణ పాఠం తప్పనిసరిగా చెప్పమని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. పరీక్షలో రాస్తే మార్కులు వేస్తారు, బడిలో చేసి చూపిస్తే మందలిస్తారా?

అసలు కోపం ఎందుకో నాకు తెలుసు. 2022 ఆగస్టులో మన తీరం వెంట వేలమంది చెత్త ఏరితే అందరం చప్పట్లు కొట్టాం. అదే పిల్లలను ఆర్కే బీచ్‌కు పంపండి, ఒక్కరూ అడ్డు చెప్పరు. బీచ్‌లో చెత్త ఎవరిదో తెలియదు కదా! బడి చెత్త ఎవరిదో తెలుసు. పేరు బయటపడుతుంది. రేపు అదే పుస్తకం ఇంటికొస్తుంది, మన పెళ్లి భోజనాల ప్లాస్టిక్ గ్లాసులు లెక్కపెడుతుంది. ఆ భయమే ఇంత రచ్చ చేయించింది!

రెండో పుటలో ఏముందో ఎవరైనా చూశారా? గుడ్డ తోరణాలు, కాగితం పూలు తామే చేస్తామని రాశారు. ఎవరు ఏ పని చేస్తారో కూడా పంచుకున్నారు. ఆ పుస్తకం ఇప్పుడు ఆఫీసు బీరువాలో ఉంది. ముందు దాన్ని పిల్లల చేతికి తిరిగి ఇవ్వండి. మీ బడి వేదిక మీద ఈ ఏడు ఏం కట్టారో కింద రాయండి, ప్రతి ఒక్కటీ చదువుతాను.