కోనసీమవాళ్లు సెల్యులార్ జైలుకి వెళితే ముందు గానుగ దగ్గర ఆగండి

(మొదటి షాట్: కొబ్బరితోటలో దింపు జరుగుతోంది, కింద కాయల రాశి)

నమస్కారమండి. 30 పౌండ్ల కొబ్బరినూనె, అంటే 13 కిలోలన్నర. అండమాన్ సెల్యులార్ జైల్లో గానుగ పనికి వేసిన ఖైదీ ఒక్కరోజులో తియ్యాల్సిన నూనె ఇది. ఎద్దుని కట్టాల్సిన కాడికి మనిషిని కట్టి తిప్పించి మరీ తీయించేవాళ్లు. మిగతా ఊళ్లవాళ్లకి ఇదొక అంకె అంతే, మనకి అలా కాదు కదా. కిలో ఎండు కొబ్బరికి మహా అయితే 600 గ్రాముల పైన నూనె దిగుతుంది, అంటే రోజుకి 20 కిలోల పైనే కొబ్బరి ఆడాలి. మన అంబాజీపేట వైపు ఏ పెద్దాయన్ని అడిగినా ఇది ఎంత పనో వెంటనే చెప్పేస్తారు.

మా నాన్నని తీసుకెళ్లాను. జీవితమంతా దింపులు తీయించిన మనిషి. గేటు దాటాక ఆవరణలో ఒక పాక ఉంటుంది, అందులో గానుగ నమూనా, దాన్ని తిప్పుతున్న ఖైదీ బొమ్మ. జనం ఫొటో తీసుకుని ముందుకెళ్లిపోతున్నారు. నాన్న మాత్రం కాడి దగ్గరే నిలబడిపోయి, "ఒక్క మనిషేనా?" అని అడిగారు. నేను తలూపాను. చాలాసేపు అక్కడినుంచి కదల్లేదు. గానుగే కాదండి, కొబ్బరి డొక్కలు కొట్టి పీచు తియ్యడం కూడా అక్కడ శిక్షే. లెక్క తగ్గితే సంకెళ్లో, దెబ్బలో, తిండి కోతో. మన ఊళ్లలో పీచు కొట్టే ఆడవాళ్ల అరచేతులు చూసినవాళ్లకి ఇంకేం చెప్పక్కర్లేదు.

(షాట్: పైనుంచి జైలు ఆకారం, లేకపోతే కాగితం మీద గీసిన బొమ్మ)

ఇప్పుడు కట్టడం సంగతి. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తిచేశారు, ఇటుక బర్మా నుంచి వచ్చింది. మధ్యలో ఒక బురుజు, దాని చుట్టూ బండి చక్రం ఆకుల్లాగా ఏడు వరసలు, ఒక్కొక్కటీ మూడంతస్తులు, మొత్తం దాదాపు 700 సెల్స్. ఒక్కో సెల్లో ఒక్కడే, ఆ పేరు వచ్చిందే అందుకు. అసలు కిటుకు ఎక్కడుందంటే, ఏ వరసలో సెల్ తలుపు తీసినా ఎదురుగా కనిపించేది పక్క వరస వీపే తప్ప ఇంకో సెల్ తలుపు కాదు. కాబట్టి ఇద్దరు ఖైదీలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేరు, సైగ కూడా చేసుకోలేరు. బురుజు మీద మాత్రం కొద్దిమంది కాపలావాళ్లు నిలబడి ఏడు వరసలనీ కనిపెట్టుకుని ఉండొచ్చు.

లోపల సుమారు 13.5 అడుగుల పొడవు, 7 అడుగుల వెడల్పు. వెనక గోడకి చేతికందనంత ఎత్తులో చిన్న కిటికీ, అంతే. నేను చెప్పేది ఒక్కటి చేసి చూడండి: తెరిచి ఉంచిన సెల్లోకి వెళ్లి, తలుపు దగ్గరికి లాగి, చువ్వల మధ్యనుంచి చెయ్యి బయటికి చాపండి. గడియ కొస తలుపు పక్కనే ఆగిపోదు, గోడలో తొలిచిన గూటి దాకా వెళుతుంది, తాళం పడేది అక్కడ. నేను భుజం దాకా చెయ్యి పెట్టినా వేళ్లు ఆ గూటికి ఆనలేదు. ఆ దూరం ఎవరో కూర్చుని కొలిచి మరీ పెట్టిందండి, ఆ ఆలోచనకే నాకు ఒళ్లు జలదరించింది.

ఇప్పుడు మనం చూసేది మూడు వరసలే. 1942లో జపాన్ సైన్యం దీవుల్ని ఆక్రమించాక కొంత కూలగొట్టారు, స్వాతంత్ర్యం వచ్చాక ఇంకొంత తీసేసి ఆ జాగాలో ఆసుపత్రి కట్టారు. అక్కడ శిక్ష అనుభవించిన వాళ్లే గట్టిగా అడ్డం పడ్డారు కాబట్టి ఈ మూడైనా మిగిలాయి. 1979 ఫిబ్రవరి 11న జాతీయ స్మారకంగా ప్రకటించారు.

(షాట్: బురుజు లోపల పాలరాతి పలకలు, నెమ్మదిగా)

మనవాళ్లు ఉన్నారా అని అడుగుతారు కదా. ఉన్నారండి. ఈ జైలు కట్టకముందే, 1879 రంప తిరుగుబాటు తర్వాత, మన ఏజెన్సీ మనుషుల్ని ద్వీపాంతరం పంపించారు. గోదావరి తప్ప వేరే నీళ్లు ఎరగని కొండ మనుషులు వాళ్లు, సముద్రం దాటించి తీసుకెళ్లారు. తర్వాత అల్లూరి సీతారామరాజు అనుచరుడు గాం మల్లుదొర. ముందు ఉరిశిక్ష వేసి దాన్ని యావజ్జీవం చేసి అండమాన్ పంపారు. 1937లో విడుదలై వచ్చారు, 1952లో లోక్‌సభకి ఎన్నికయ్యారు. ఈ సంగతి మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకర వెంకటాచారి గారు కూడా అక్కడే ఉన్నారు. ఆ పేలుడు జరిగింది 1933లో.

అదే 1933లో ఖైదీలు నిరాహారదీక్షకి కూర్చున్నారు. వాళ్లు అడిగింది పెద్దదేం కాదు, మనిషి తినగలిగే తిండి, రాత్రిపూట దీపం, చదువుకోడానికి పుస్తకాలు. బలవంతంగా గొట్టం పెట్టి పాలు పోయబోతే మహావీర్ సింగ్ ప్రాణం పోయింది. మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర కూడా అలాగే పోయారు. 1937లో మళ్లీ పెద్ద దీక్ష జరిగాకే రాజకీయ ఖైదీల్ని వెనక్కి పంపడం మొదలైంది.

వెళ్లేవాళ్లకి రెండు మాటలు. రాజమండ్రి సెంట్రల్ జైలు మన పక్కనే ఉన్నా అది ఇప్పటికీ నడుస్తున్న జైలు, చూడ్డానికి వెళ్లలేం. ఇది మాత్రం టికెట్ కొని దర్జాగా లోపలికి వెళ్లే చోటు. ఈ జైలున్న పోర్ట్ బ్లెయిర్‌కి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు, బుకింగ్‌లో రెండు పేర్లూ కనిపిస్తే కంగారు పడకండి. విశాఖ నుంచి ఓడ అప్పుడప్పుడు ఉంటుంది, రెండు రోజుల పైన ప్రయాణం. పెద్దవాళ్లుంటే విమానమే మేలు. అక్కడ మనకంటే ముందే చీకటి పడుతుంది కాబట్టి పొద్దున్నే వెళ్లి ఎండెక్కకముందే మెట్లెక్కేసి, సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షోకి మళ్లీ రండి. ఉరికంబం గది కూడా చూస్తారు, ఒకేసారి ముగ్గురిని ఉరితీసేలా కట్టింది. చిన్నపిల్లలుంటే ముందే కాస్త చెప్పి తీసుకెళ్లండి.

బురుజెక్కే ముందు ఖైదీల పేర్లు చెక్కిన పలకల దగ్గర మాత్రం తొందరపడకండి. నాన్న కళ్లద్దాలు తుడుచుకుని ఒక్కో పేరూ పైకి చదవడం మొదలుపెట్టారు. వెనకాల ఎవరో మరాఠీ కుటుంబం ఆగింది, దారి ఇవ్వమని అడగలేదు, ఆయన చదవడం అయ్యేదాకా అలాగే నిలబడి విన్నారు.