చిన్న యాక్సిడెంట్ తర్వాత ఏ ప్యానెల్ కొనాలి? ఒరిజినలా, లోకలా, సెకండ్ హ్యాండా?

[తెర మీద: ఎడమ మూల నలిగిన కారు. బంపర్ ఒక పక్క జారింది, ఫెండర్‌కి (ముందు చక్రం పైనుండే రేకుకి) సొట్ట, బానెట్ అంచు కాస్త లేచింది.]

కూకట్‌పల్లి ట్రాఫిక్‌లో ముందు బండికి మూల తగిలిందనుకుందాం. షెడ్డుకి తీసుకెళ్లగానే అడిగే మాట, "ఒరిజినల్ వేయమంటారా, లోకల్ వేయమంటారా?" ఒరిజినల్ అంటే కారు కంపెనీది, లోకల్ అంటే బయటివాళ్లు తయారుచేసింది. దీనికి బండి మొత్తానికీ కలిపి ఒకే జవాబు చెప్పకండి. ఏ ప్యానెల్‌కి ఆ ప్యానెల్ విడిగా తేల్చుకోవాలి.

[తెర మీద: బంపర్ విప్పేసిన ముందు భాగం]

కొనేముందు బంపర్ విప్పించి లోపల చూడండి. ఇన్సూరెన్స్ క్లెయిమ్ చేయాలనుకుంటే మాత్రం ముందు కంపెనీకి చెప్పి, వాళ్లు పంపే సర్వేయర్ నష్టం చూశాకే విప్పించాలి. బంపర్ ప్లాస్టిక్. గుద్దుకున్నాక మళ్లీ పాత ఆకారానికి వచ్చేస్తుంది, పైకి గీతలే కనిపిస్తాయి. అసలు దెబ్బ వెనకాల అడ్డంగా ఉన్న బీమ్‌కో, రేడియేటర్‌ని పట్టి ఉంచే సపోర్ట్‌కో తగిలి ఉండొచ్చు. ఆ సపోర్ట్ పక్కకి జరిగి ఉంటే ఎంత ఖరీదైన ఫెండర్ తెచ్చినా గ్యాప్ కుదరదు. బీమ్ వంగితే సుత్తితో సాపు చేయించొద్దు, లోకల్‌ది వేయించొద్దు. రేపు ఇంకో దెబ్బ తగిలితే ఆపాల్సింది అదే కాబట్టి కంపెనీదే కొనండి.

ఇక బంపర్. పగులు మధ్యలో ఉండి, బిగించే చెవులు బాగుంటే ప్లాస్టిక్ వెల్డింగ్ సరిపోతుంది. చెవులు విరిగితే కొత్తది తీసుకోవడమే మంచిది, అతికించిన చెవి గతుకుల రోడ్డు మీద ఎక్కువ కాలం నిలవదు. దాంతోపాటు సైడ్ బ్రాకెట్లు, క్లిప్పులు కూడా కొత్తవి తెప్పించండి. పాత క్లిప్పులతో బిగిస్తే కొత్త బంపరైనా మూలల్లో తేలుతుంది. బంపర్ వెనక రాడార్ (ఎదురుగా ఉన్నవాటిని పసిగట్టే సెన్సర్) ఉన్న బండ్లకి రిపేర్ చేసిన బంపర్ వద్దు. లప్పం (సొట్టలు పూడ్చే పుట్టీ), మందపాటి పెయింట్ రాడార్ సిగ్నల్‌కి అడ్డు పడతాయి.

[తెర మీద: రెండు ఫెండర్లు పక్కపక్కన, రెండూ నల్లగానే ఉన్నాయి]

ఎక్కువమంది మోసపోయేది ఫెండర్ దగ్గరే. రాణిగంజ్, పుత్లీబౌలి లాంటి హైదరాబాద్ స్పేర్ పార్ట్స్ బజార్లలో కొన్నా, కంపెనీ కౌంటర్‌లో కొన్నా రెండూ నల్లగానే వస్తాయి. కంపెనీ ప్యానెల్ మీది నలుపు తుప్పు పట్టకుండా వేసే కోటింగ్. రేకుని ద్రావణంలో ముంచి కరెంటుతో పట్టిస్తారు కాబట్టి మడతల లోపలికి కూడా చేరుతుంది. నాసిరకం వాటికి పైపైన స్ప్రే కొట్టేస్తారు. తేడా కనిపెట్టడానికి గుడ్డ మీద కాస్త థిన్నర్ వేసి, లోపలి వైపు ఒక మూల గట్టిగా రుద్దండి. కోటింగైతే చెక్కుచెదరదు. స్ప్రే అయితే గుడ్డకి నల్లగా అంటుకుని కింద రేకు బయటపడుతుంది. అలాంటిది వానాకాలంలో అంచుల నుంచే తుప్పు పడుతుంది, పైన ఎంత మంచి పెయింట్ వేసినా ఆగదు.

ఈ పరీక్షలో నిలిచి, రంధ్రాలు సరిగ్గా కూర్చునే లోకల్ ఫెండర్‌ని వాడుకోవచ్చు. బానెట్‌కి, డోర్‌కి అలా చెప్పలేం. గట్టి దెబ్బకి బానెట్ నేరుగా అద్దం మీదికి దూసుకురాకుండా మధ్యలో మడతపడేలా లోపలి ఫ్రేమ్‌ని తయారుచేస్తారు. డోర్ లోపల పక్క దెబ్బని ఆపే బీమ్ ఉంటుంది. ఈ రెండూ కంపెనీవే కొనండి. బడ్జెట్ లేకపోతే అదే మోడల్ సెకండ్ హ్యాండ్‌ది తీసుకోండి, లోకల్ కొత్తదానికంటే అదే నయం. అయస్కాంతాన్ని పల్చటి గుడ్డలో చుట్టి దాని మీద జరిపి చూడండి. పట్టు సడలిన చోట కింద లప్పం ఉన్నట్టే.

వెనక చక్రం పైనుండే క్వార్టర్ ప్యానెల్ బోల్టులతో ఊడదు, బాడీతో వెల్డింగ్ అయి ఉంటుంది. దాన్ని కోసి కొత్తది అతికిస్తే ఫ్యాక్టరీ వెల్డింగూ పోతుంది, తుప్పు రక్షణా పోతుంది. సొట్ట లాగితే వచ్చేంతవరకు మార్చొద్దు.

ఏది కొన్నా మోడల్ పేరు చెప్పి ఆర్డర్ ఇవ్వకండి. ఆర్‌సీలో ఉన్న 17 అక్షరాల ఛాసిస్ నంబర్ చెప్పి, దాని ప్రకారం వచ్చే పార్ట్ నంబర్‌తోనే తెప్పించండి. ఒకే పేరుతో ఫేస్‌లిఫ్ట్‌కి (మధ్యలో రూపం మార్చడానికి) ముందూ తర్వాతా వచ్చిన బండ్లకి ఫెండర్లు వేరేగా ఉండొచ్చు.

[తెర మీద: పెయింట్ వేయని ఫెండర్‌ని బండికి బిగిస్తున్న చేతులు, 10 నంబర్ పానా]

పెయింట్‌కి ముందే బిగించి చూడాలి. ఈ ఒక్క పని మాత్రం ఎవరు తొందరపెట్టినా వదలకండి. బోల్టులు వదులుగా పెట్టి, బానెట్ మూసి, డోర్ రెండుమూడుసార్లు తెరిచి వేయించండి. ఫెండర్‌కీ డోర్‌కీ మధ్య సందు పైనుంచి కింది దాకా ఒకేలా ఉందా, కుడివైపు సందుతో సరిపోతోందా చూడండి. కుదరకపోతే వెనక్కి ఇవ్వొచ్చు. పెయింట్ పడ్డాక షాపువాళ్లు తీసుకోరు, అప్పుడు షెడ్డులో చేసేదల్లా రంధ్రాలు సాగదీసి ఎలాగోలా కూర్చోబెట్టడమే.

సొట్ట తీయించేటప్పుడు లప్పం రెండుమూడు మిల్లీమీటర్లు దాటనివ్వొద్దు. లప్పానికి నీటి కాగితం (తడిపి రుద్దే గరుకు కాగితం) వాడొద్దని చెప్పండి. లప్పం నీళ్లు పీలుస్తుంది, ఆ తేమే తర్వాత పెయింట్ కింద బుడగలుగా లేస్తుంది.

[తెర మీద: లెక్క]

క్లెయిమ్ చేయాలా వద్దా? జీరో డిప్రిసియేషన్ (భాగాలు పాతబడినందుకు కోత వేయని సదుపాయం) లేని పాలసీలో ప్లాస్టిక్ భాగాలకి 50 శాతం కోత. ఇనుప భాగాలకి బండి వయసుని బట్టి కోత, మూడేళ్లు దాటి నాలుగేళ్ల లోపైతే 25 శాతం. బంపర్ 4,000, ఫెండర్ 3,000 అనుకుందాం. వాటికి వచ్చేది 2,000, 2,250. అందులో 1,500 సీసీ లోపు కారుకి తప్పనిసరిగా పోయే 1,000 తీసేస్తే చేతికి 3,250. లేబర్, పెయింట్ లెక్క వేరే ఉంటుంది. మీకు 35 శాతం నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) ఉంటే అది సున్నా అవుతుంది. వచ్చే రెన్యువల్‌లో ఎంత పెరుగుతుందో ఏజెంట్‌ని అడిగి, ఆ అంకెని దీని పక్కన పెట్టి చూశాకే సంతకం పెట్టండి.

బండి తీసుకునే రోజు బిల్లులో పార్ట్ నంబర్ రాయించుకోండి. సొంత డబ్బుతో చేయించుకుంటే ఊడదీసిన పాత ప్యానెల్ కూడా అడిగి చూడండి. మార్చామని చెప్పి, సొట్ట తీసి పాతదే బిగించారేమో అక్కడే తెలిసిపోతుంది.