బైకు అలవాట్లు, ఏటీవీ పాట్లు

యాంకర్: అందరికీ నమస్తే. రిసార్టుల్లో, బీచ్‌ల్లో లావు టైర్లేసుకుని తిరిగే నాలుగు చక్రాల బండ్లు, అదే ఏటీవీలు, చూసే ఉంటారు. అవి నేర్పించే అన్న ఇవాళ మనతో ఉన్నాడు. బుల్లెట్ నడిపేవాడికి ఇదొక లెక్కా అంటున్నారన్నా మా నెల్లూరోళ్లు?

కోచ్: (నవ్వుతూ) వాళ్లతోనే నాకు తలనొప్పబ్బా. ఏ బండీ ఎక్కనోడు చెప్పింది చెప్పినట్టు చేస్తాడు. బైకు మీద చెయ్యి తిరిగినోడు, బండి కాస్త ఒరగంగానే కాలు కింద పెడతాడు. ఇందులో అది కూడదు. కాలెనకాలే చక్రం ఉంటాది, ఆ కాలినే తొక్కేస్తాది. పెద్ద ఏటీవీలు మూడొందల కిలోలు కూడా దాటతాయి మరి.

యాంకర్: యాక్సిలేటర్ కూడా తిప్పేది కాదంట గదా?

కోచ్: బొటనవేలితో నొక్కేది. చిక్కంతా అక్కడే. గుంతలో పడంగానే మనిషి హ్యాండిల్ బిగించి పట్టుకుంటాడు. ఆ బిగింపులో వేలు ఇంకా నొక్కుకుని బండి ఉరుకుతాది. అందుకే ముందు ఇంజన్ ఆపేసి కూర్చోబెడతా. వేలు తియ్యి, బ్రేకు పట్టు. మళ్లీ అదే. విసుక్కుంటారు, విసుక్కోనీ.

యాంకర్: మరి మలుపులు?

కోచ్: అసలు చదువు అదే. చాలా ఏటీవీల్లో వెనక రెండు చక్రాలు ఒకే ఇరుసు మీద, ఒకే వేగంతో తిరుగుతాయి. నువ్వు హ్యాండిల్ తిప్పినా బండి తిన్నగానే పోవాలని చూస్తాది. లోపలి చక్రం కాస్త జారితేనే తిరుగుతాది. ఎడమకి పోవాలా, కుడికాలి మీద బరువెయ్యి, భుజాలు ఎడమకి వంచు. బిర్రబిగుసుకుని కూర్చుని జోరుగా తిప్పావా, బోల్తానే.

యాంకర్: మైపాడు బీచ్ ఇసుకలో నేర్చుకోవచ్చా?

కోచ్: వద్దు. నీళ్ల అంచున ఇసుక గట్టిగా ఉంటే వేగం తెలీకుండా పెరుగుతాది, ఎదురుగా పిల్లోళ్లు ఆడుకుంటుంటారు. పైన పొడి ఇసుకలోనేమో జనవరి, ఫిబ్రవరి, మార్చిలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లు. అడిగి తీసుకున్న ఖాళీ చేను చాలు. దిబ్బలు తర్వాత. ఎక్కేటప్పుడు ముందుకు వంగు, దిగేటప్పుడు వెనక్కి జరుగు. ఎక్కుతా ఎక్కుతా బండి ఆగిపోతే అడ్డంగా తిప్పబాక, వెనక్కి జార్చబాక. బ్రేకేసి, పైవైపుకి దిగు.

యాంకర్: సీటు పొడుగ్గానే ఉంటాది గదా, వెనకాల పిల్లోణ్ణి ఎక్కించుకుంటే?

కోచ్: ఆ పొడుగు నువ్వు ముందుకీ వెనక్కీ జరిగేదానికబ్బా! ఇంకొకరెక్కితే నువ్వు కదల్లేవు. ఇద్దరి కోసం చేసిన మోడలైతే వేరే సంగతి. 16 ఏళ్లలోపు పిల్లలు నడపొద్దని పెద్దోళ్ల ఏటీవీల మీద స్టిక్కరే ఉంటాది. చదివేదెవరు?

యాంకర్: టీ కోసం రోడ్డెక్కితే?

కోచ్: కారు టైరులో గాలి 30 పీఎస్‌ఐ ఉంటే వీటిలో 5 అటూ ఇటూ. మట్టి కోసం చేసిన టైరు, తారు మీద ఎటు లాగుతాదో చెప్పలేం. నడిచిపో.

యాంకర్: రేపు వచ్చేవాళ్లు ఏమేం తెచ్చుకోవాలన్నా?

కోచ్: హెల్మెట్, కళ్లద్దాలు, గ్లవ్స్, ఫుల్ ప్యాంటు, చీలమండ దాటే బూట్లు. చెప్పులేసుకొస్తే టీ తాగించి పంపిస్తా, తాళమియ్యను.