చవక ప్రైమ్ లెన్సును నిందించే ముందు

అందరికీ నమస్కారం. 50 ఎంఎం ఎఫ్/1.8 లాంటి చవక ప్రైమ్ లెన్సు (జూమ్ లేని లెన్సు) కొన్నవాళ్ల నోట తరచూ వచ్చే ఫిర్యాదు ఒకటుంది: "వైడ్ ఓపెన్‌లో షార్ప్‌గా రావడం లేదు." వైడ్ ఓపెన్ అంటే అపర్చర్‌ను, అంటే లెన్సులో కాంతి వచ్చే రంధ్రాన్ని, పూర్తిగా తెరిచి తీయడం; ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ ఆ రంధ్రం చిన్నదవుతుంది. ఆ మసకలో కొంత తప్పు లెన్సుదే. మిగతాది చాలాసార్లు ఫోకస్‌ది. ఏది ఎవరిదో ఇంట్లోనే తేల్చుకోవచ్చు.

ఈ లెన్సులు ఎక్కువగా డబుల్ గాస్ అనే డిజైన్ కుటుంబానికి చెందినవి. 1896లో జర్మనీ లెన్సుల కంపెనీ జైస్‌లో పాల్ రుడాల్ఫ్ రూపొందించిన ప్లానార్ ఈ కుటుంబంలోదే. అపర్చర్‌కు ముందూ వెనకా ఎలిమెంట్లు (గాజు కటకాలు) ఇంచుమించు జోడీలుగా ఉంటాయి. ముందు సగం చేసిన డిస్టార్షన్ (గీతలు వంగడం), కోమా (అంచుల్లో చుక్కలకు తోక రావడం), అంచుల్లో రంగుల చీలిక చాలావరకు వెనక సగం దగ్గర రద్దయిపోతాయి. అందుకే తక్కువ గాజుతో పని జరుగుతుంది. 2015లో వచ్చిన కానన్ ఈఎఫ్ 50 ఎంఎం ఎఫ్/1.8 ఎస్‌టీఎంలో ఉన్నవి ఆరే ఎలిమెంట్లు. అయితే ఈ జోడీ అమరిక స్ఫెరికల్ అబరేషన్‌ను రద్దు చేయలేదు. అంటే లెన్సు అంచు గుండా వచ్చే కిరణాలూ మధ్య గుండా వచ్చే కిరణాలూ ఒకేచోట కలవవు. ఎఫ్/1.8లో కనురెప్ప వెంట్రుకలు విడివిడిగా కనిపిస్తూనే వాటి మీద పల్చని పొగ కప్పినట్టుండేది ఇందుకే. వివరం ఉంది, కాంట్రాస్ట్ పడిపోయింది.

అపర్చర్ వ్యాసం సగానికి తగ్గితే ఈ రకం మసక సుమారు ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఎఫ్/1.8 నుంచి ఎఫ్/2.8కి వెళ్తే మిగిలేది దాదాపు పావు వంతే. అందుకే ఎఫ్/2.8 దగ్గర ఫొటో ఒక్కసారిగా తేటపడుతుంది. మూలలు మాత్రం అంత తొందరగా దారికి రావు, వాటికి సాధారణంగా ఎఫ్/5.6 దాకా ఆగాలి. ఇంకా మూసుకుంటూ పోతే డిఫ్రాక్షన్, అంటే చిన్న రంధ్రం గుండా వచ్చే కాంతి పరుచుకోవడం, మొదలవుతుంది. ఎఫ్/8లో ఒక కాంతి బిందువు దాదాపు 11 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) వృత్తంగా, ఎఫ్/16లో 21 మైక్రాన్లుగా పరుచుకుంటుంది. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ (36×24 మి.మీ.) సెన్సార్‌లో ఒక్కో పిక్సెల్ సుమారు 6 మైక్రాన్లు. ఎఫ్/16లో ఎంత ఖరీదైన లెన్సయినా ఇదే గతి, అక్కడ పోలికలు పెట్టడం వృథా.

ఇక ఫోకస్. ఫుల్ ఫ్రేమ్‌లో మీటరు దూరాన ఎఫ్/1.8కి డెప్త్ ఆఫ్ ఫీల్డ్ (షార్ప్‌గా కనిపించే లోతు) 4 సెంటీమీటర్లని పట్టికలు చెబుతాయి. ఆ లెక్క మామూలు సైజు ప్రింటుకు. తెర మీద నూరు శాతం పెంచి చూసేవాళ్లకు దక్కేది సెంటీమీటరు కూడా కాదు. ఫోకస్ లాక్ చేశాక ఫ్రేమ్ సర్దుకోవడానికి కాస్త ముందుకు ఊగితే చాలు, కన్ను వదిలి చెవి షార్ప్‌గా వస్తుంది. డీఎస్ఎల్ఆర్‌లో మరో చిక్కు ఉంది: ఫోకస్ కొలిచే సెన్సార్ వేరు, బొమ్మ పడే సెన్సార్ వేరు. రెండింటికీ లెక్క కుదరకపోతే ప్రతి ఫొటో ఒకే వైపు తప్పుతుంది. లైవ్ వ్యూలో (వెనక తెర మీద చూస్తూ) ఫోకస్ చేసి తీసినది బాగా వచ్చి, వ్యూఫైండర్‌లో తీసినది చెడితే, గాజును వదిలేసి కెమెరా మెనూలో ఏఎఫ్ ఫైన్ ట్యూన్ (ఆటోఫోకస్ సవరణ) ఉందేమో వెతకండి.

లెన్సును పరీక్షించాలంటే సన్న అక్షరాల కాగితాన్ని చదునైన గోడకు అంటించి, కెమెరాను రెండున్నర మీటర్ల దూరంలో ట్రైపాడ్ మీద పెట్టండి. సెన్సార్ గోడకు సమాంతరంగా ఉందో లేదో చూసుకోవడానికి చిన్న అద్దాన్ని గోడకు ఆనించండి; అందులో మీ లెన్సు ప్రతిబింబం ఫ్రేమ్ నడిమధ్యన కనబడాలి. ఐఎస్ఓ 100, స్టెబిలైజేషన్ ఆఫ్, రెండు సెకన్ల టైమర్, రా ఫైల్ (కెమెరా సవరించని ఫైల్). లైవ్ వ్యూను పదింతలు పెంచి చేత్తో ఫోకస్ చేయండి. ప్రతి అపర్చర్‌కూ ఫోకస్ మళ్లీ చేయాలి, ఎందుకంటే ఇలాంటి లెన్సుల్లో అపర్చర్ మూస్తే ఫోకస్ కొంచెం వెనక్కి జరగవచ్చు. ఒక్కో అపర్చర్‌కు మూడు ఫొటోలు తీసి మంచిదాన్నే లెక్కలోకి తీసుకోండి.

మూలలు మసకగా ఉంటే వెంటనే తీర్పు చెప్పకండి. ఈసారి ఆ మూలలోనే ఫోకస్ చేసి తీయండి. నాలుగు మూలలూ అలా బాగుపడితే అది ఫీల్డ్ కర్వేచర్, డిజైన్‌లోనే ఉన్న వంపు. గోడలు ఫొటో తీయడమే వృత్తయితే తప్ప దాంతో పెద్ద ఇబ్బంది లేదు. ఒక్క మూల మాత్రం ఎఫ్/4లో కూడా మసకగానే ఉంటే, కెమెరాను తలకిందులు చేసి అదే పరీక్ష మళ్లీ చేయండి. మసక ఫ్రేములోని అదే మూలకు అంటిపెట్టుకుని ఉంటే లోపల ఎలిమెంట్ పక్కకు జరిగినట్టే. మార్పిడి గడువు దాటకముందే లెన్సు మార్పించుకోండి. మసక ఎదురు మూలకు మారితే తప్పు మీ అమరికది: గోడ, కెమెరా సమాంతరంగా లేవు.