పెద్ద బండి ఉంచాలా, అమ్మాలా? – ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. ఇంట్లో ఉన్న పెద్ద ఎస్‌యూవీ అమ్మేసి చిన్న బండికి మారదామా అని ఆలోచిస్తున్నవాళ్ల కోసం ఈరోజు కార్యక్రమం. వాహన నిపుణులు సార్ స్టూడియోలోనే ఉన్నారు. సార్, కాల్స్‌కి వెళ్లిపోదామా?

నిపుణుడు: వెళ్దామమ్మా. ముందు ఒక్క మాట. అమ్మేవాళ్లు ఎవరైనా సరే, ఓనరు పేరు మార్చే ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టి బండి తాళాలు ఇచ్చేయకండి. ప్రతిసారీ చెప్తాను, ఈసారీ చెప్తున్నాను.

యాంకర్: విశాఖ నుంచి మొదటి కాల్. చెప్పండి.

కాలర్ (విశాఖ): నమస్తే అండి. మాది ఫోర్ బై ఫోర్, నాలుగు చక్రాలకీ పవర్ వచ్చే బండండి. అత్తగారిది అరకు, తరచూ వెళ్తుంటాం. చిన్న కారు తీసుకుంటే ఘాట్ ఎక్కుద్దా అని భయమండి.

నిపుణుడు: ఆర్టీసీ బస్సు ఎక్కుతోందా? దానికి వెనక చక్రాలకే పవర్. అరకు, శ్రీశైలం, మారేడుమిల్లి అన్నీ తారు రోడ్లే. నలుగురు కూర్చుంటే 1200 సీసీ ఇంజిన్ కాస్త మూలుగుతుంది, అంతే. జాగ్రత్త పడాల్సింది దిగేటప్పుడు. సెకండ్ గేర్‌లో దించండి, బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చోకండి. అత్తగారింటి దాకా మట్టి దారా?

కాలర్: లేదండి, సిమెంటు రోడ్డేనండి.

నిపుణుడు: మరింక ఫోర్ బై ఫోర్ ఎందుకు?

యాంకర్: థాంక్యూ అండి. తర్వాత ఖమ్మం జిల్లా నుంచి. హలో?

కాలర్ (ఖమ్మం): హలో, ఆ, వినపడతాందా మేడం? సార్‌కి నమస్కారం. సార్, మాది స్కార్పియో, 2014 మోడల్, ఫోర్ వీల్ డ్రైవ్. అప్పుడు ఇల్లంతా జనం సార్. మా అమ్మ, నాయన, ఇద్దరు పిల్లలు, మా తమ్ముడోళ్లు. ఏడుగురం ఎక్కి మేడారం పోయినం, తిరుపతి పోయినం. ఇప్పుడు అమ్మాయి బెంగళూరు, అబ్బాయి అమెరికా. అమ్మానాయన లేరు. ఇంట్ల ఇద్దరమే. బండేమో ఊళ్లో పెళ్లిళ్లకి తిరుగుతాంది సార్. ‘బాబాయ్, మీ బండి ఊరికేనే ఉంటది గదా’ అని ఎవరో ఒకరు తాళం అడుగుతరు. డీజిల్ కూడా పోయరు.

నిపుణుడు: అది బండి సమస్య కాదు, బంధువుల సమస్య. (నవ్వు) నెలకెన్ని కిలోమీటర్లు తిరుగుతుంది?

కాలర్: ఎంతంటే... పెళ్లిళ్లు తీసేస్తే ఐదొందలు. చేను దగ్గరికి, ఖమ్మం టౌనుకి. షోరూంలో అడిగితే పాతదానికి నాలుగున్నర లక్షలు ఇస్తమన్నరు. కొత్త చిన్న కారు ఆన్ రోడ్ పది లక్షలు. మైలేజీ బాగా వస్తదంటున్నరు. అమ్మమంటరా సార్?

నిపుణుడు: మైలేజీ కోసమైతే వద్దు. లెక్క చూడండి. మీది లీటరుకి పదకొండు ఇస్తుందనుకుందాం. ఐదొందల కిలోమీటర్లకి నలభై అయిదు లీటర్లు, డీజిల్ లీటరు 96 అనుకుంటే 4,300. చిన్న పెట్రోల్ కారు మన రోడ్ల మీద పదహారు ఇస్తే ముప్పై ఒక్క లీటర్లు, పెట్రోల్ 108 అనుకుంటే 3,350. నెలకి వెయ్యి రూపాయలు కూడా మిగలవు. మీరు చేతి నుంచి పెట్టేది ఐదున్నర లక్షలు. ఏడాదికి పన్నెండు వేలు మిగిలినా, ఆ ఐదున్నర లక్షలు రాబట్టుకోవడానికి నలభై అయిదేళ్లు పడుతుంది.

కాలర్: నాకిప్పుడే అరవై ఒకటి సార్.

నిపుణుడు: అదే చెప్తున్నా. ఇన్సూరెన్స్ తగ్గుతుందంటారు. ఎదుటివాళ్ల నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం, 2022 రేట్ల ప్రకారం 1500 సీసీ దాటితే 7,897, వెయ్యి నుంచి 1500 లోపైతే 3,416. నిజమే, అక్కడ తగ్గుతుంది. కానీ కొత్త బండి విలువ ఎక్కువ కాబట్టి, మన బండికి జరిగే నష్టానికి కట్టే సొంత డ్యామేజీ ప్రీమియం పెరుగుతుంది. అటు తగ్గింది ఇటు పోతుంది. బండి మీద అప్పు లేదు కదా?

కాలర్: ఎప్పుడో తీరింది సార్.

నిపుణుడు: ఇంజిన్ బాగుందా? పొగ, ఆయిల్ కారడం?

కాలర్: బంగారం సార్ ఇంజిన్. మన చేతిలో పెరిగిన బండి.

నిపుణుడు: అప్పు లేని బండి, ఆరోగ్యంగా ఉన్న బండి. ఇంధనం కోసం అమ్మకండి. 2029లో పదిహేనేళ్లు నిండుతాయి, అప్పుడు ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్, గ్రీన్ ట్యాక్స్ చూసుకోవాలి. పదేళ్ల డీజిల్ బండి తిరగకూడదనేది ఢిల్లీ చుట్టుపక్కల గొడవ, మనకు లేదు. ఎవరైనా ఆ పేరు చెప్పి రేటు తగ్గిస్తే నమ్మకండి.

కాలర్: అచ్చం అదే చెప్పిండు సార్ మా దగ్గర ఒక బ్రోకరు! మరి ఫోర్ వీల్ సంగతి? మాది నల్లరేగడి. వానాకాలం చేను దారి...

నిపుణుడు: ఎన్నిసార్లు వేశారు ఫోర్ వీల్?

కాలర్: వేసిన సార్... కొన్నప్పుడు రెండు మూడు సార్లు. తర్వాత ఒకసారి వానలో దిగబడితే వేసిన. అయినా రాలే. ట్రాక్టరు తెచ్చి గుంజినం.

నిపుణుడు: రాదు. తడి రేగడి టైరు గాడుల్లోకి ఎక్కిందంటే టైరు నున్నగా అయిపోతుంది, నాలుగు చక్రాలూ ఉన్నచోటే తిరుగుతాయి. రోడ్డు టైర్లతో ఫోర్ వీల్ వేసి లాభం లేదు, మట్టి టైర్లు ఉండాలి. ఎలాగూ వానలో మీరు ట్రాక్టరు మీదే పోతున్నారు కదా?

కాలర్: బైకు మీద పోయి, గట్టు మీంచి నడుస్త సార్.

నిపుణుడు: చూశారా. ఇంకోటి, ఉంచుకుంటే మాత్రం నెలకోసారి మట్టి నేల మీద ఫోర్ వీల్ వేసి కొంతదూరం నడపండి. తారు రోడ్డు మీద వెయ్యొద్దు, మలుపుల్లో ముందు వెనక షాఫ్టులు బిగుసుకుని గేర్లు దెబ్బతింటాయి. ముందు వెనక చక్రాలకి పవర్ పంచే గేరు పెట్టె, అదే ట్రాన్స్‌ఫర్ కేస్, దాని ఆయిల్ ఎప్పుడు మార్చారో సర్వీస్ పుస్తకంలో చూసుకోండి.

కాలర్: సరే సార్. అయితే అమ్మమంటరా, ఉంచమంటరా?

నిపుణుడు: ఇందాకే చెప్పాను కదయ్యా.

యాంకర్: సార్, లైన్లో ఇంకా చాలామంది...

కాలర్: ఒక్క నిమిషం మేడం. మా ఇంటామె ఏదో అంటాంది. ఏందే? ... ఆ ముక్కాలిపీట ముచ్చట ఇప్పుడెందుకు... సార్, ఆమెకు మోకాళ్ల నొప్పులు. బండి ఎక్కలేకపోతాంది. డిక్కీలో ముక్కాలిపీట పెట్టుకుని తిరుగుతున్నం. ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి అది కింద పెట్టాలె. ఎక్కినంక నేను తీసి వెనకేస్త.

నిపుణుడు: అయ్యా! పది నిమిషాల్నుంచి డీజిల్ లెక్కలు చెప్పించుకుని ఇది ఇప్పుడా చెప్పడం? ఫోన్ అమ్మకివ్వండి.

కాలర్ (భార్య): నమస్తే అన్నా. ఏం లేదన్నా, పీట జారుతదని భయం. గుడికి పోవాలన్నా ఈయనకి చెప్పాలంటే మొహమాటం. ఆటో పిలుచుకుంట.

నిపుణుడు: ఇంట్లో బండి పెట్టుకుని ఆటోనా అమ్మా?

కాలర్ (భార్య): ఆటో కిందికి ఉంటది కదన్నా.

నిపుణుడు: అయితే మార్చండమ్మా. డబ్బు మిగలదు, అది మర్చిపోండి. మీరు ఎక్కి దిగడానికి మార్చండి. కానీ మరీ కిందికుండే కారు తీసుకోకండి, అందులోంచి లేవడం ఇంకా కష్టం. షోరూంకి ఆయన్నొక్కణ్నే పంపకండి, మీరూ వెళ్లండి. తలుపు తీసి నిలబడితే సీటు మీ తొడల పైభాగం ఎత్తులో ఉండాలి. తలుపు వైపు తిరిగి కూర్చుంటే పాదాలు నేలకి ఆనాలి, మోకాళ్లు పైకి లేవకూడదు. నాలుగైదుసార్లు ఎక్కి దిగి చూడండి. సేల్స్ అబ్బాయి విసుక్కున్నా సరే.

కాలర్ (భార్య): ఈయన విసుక్కుంటడన్నా.

నిపుణుడు: ఆయన విసుక్కుంటే పీట ఆయన చేతికివ్వండి. ఇప్పుడే కొనలేకపోతే ఒక మంచి ఫుట్‌బోర్డు వేయించుకోండి, వెడల్పుది, రబ్బరు పట్టీ ఉన్నది. మోకాళ్లకి సరిపోతే అదే చాలు.

కాలర్ (ఖమ్మం): సార్, మరి ఊళ్లో చిన్న కారు దిగితే...

నిపుణుడు: ఊరేమంటుందని అడగడానికా ఫోన్ చేశారు? అమ్మేటప్పుడు ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర నో క్లెయిమ్ బోనస్ లెటర్ తీసుకోండి. అది బండిది కాదు, మీది. ఐదేళ్లు క్లెయిమ్ లేకపోతే కొత్త బండి సొంత డ్యామేజీ ప్రీమియంలో సగం తగ్గుతుంది. మూడేళ్లలోపు వాడుకోవాలి. ఇంకా ఖాళీ ఫారాల మీద...

కాలర్: సంతకం పెట్టను సార్!

యాంకర్: ధన్యవాదాలు అండి. హైదరాబాద్, కూకట్‌పల్లి నుంచి. త్వరగా అడగండి.

కాలర్ (హైదరాబాద్): సార్, మాది కొత్త కాలుష్య నిబంధనల బీఎస్ 6 డీజిల్, సెవెన్ సీటర్. ఆఫీసు ఏడు కిలోమీటర్లు. డీపీఎఫ్ లైట్ మళ్లీ మళ్లీ వస్తోంది.

నిపుణుడు: వస్తుంది. డీపీఎఫ్ అంటే పొగలో మసిని ఆపే ఫిల్టర్. అందులో మసి కాలాలంటే వేడి కావాలి, సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగే ఏడు కిలోమీటర్లలో వేడెక్కదు. వారానికోసారి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి అరగంట ఆపకుండా నడపండి. అది కుదరకపోతే అమ్మేయండి. మీరు చిన్నదానికి మారితే నిజంగా లాభం.

కాలర్: ఎర్టిగా చూస్తున్నాం సార్, చిన్న కార్లకి జీఎస్టీ తగ్గింది కదా...

నిపుణుడు: అది చిన్న కారు కిందికి రాదమ్మా. 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతం ఎవరికంటే, పొడవు నాలుగు మీటర్ల లోపు ఉండి, పెట్రోల్ 1200 సీసీ, డీజిల్ 1500 సీసీ లోపు వాటికి. మిగిలినవి 40. ఎర్టిగా పొడవూ ఎక్కువే, ఇంజినూ ఎక్కువే. జిమ్నీ పొడవు సరిపోయినా ఇంజిన్ 1462 సీసీ, దానికీ 40. ఎలక్ట్రిక్ అయితే 5. ఏడుగురూ రోజూ ఎక్కుతారా?

కాలర్: లేదు సార్, పండక్కి...

నిపుణుడు: పండక్కి క్యాబ్ మాట్లాడుకోండి.

యాంకర్: గుంటూరు నుంచి చివరి కాల్.

కాలర్ (గుంటూరు): అయ్యా, పోయినేడాది మా సఫారీ ఒక బ్రోకరుకి అమ్మానండి. కాయితాల మీద సంతకాలు పెట్టించుకుపోయాడు. ఇప్పుడు చలాన్లు నాకొస్తున్నాయండి.

నిపుణుడు: ఫారం 29, 30 ఖాళీగా సంతకం పెట్టారా?

కాలర్: ...పెట్టానండి.

నిపుణుడు: ఇదమ్మా నేను మొత్తుకునేది! అమ్మిన పద్నాలుగు రోజుల్లో అమ్మినవాడు ఆర్టీఏకి తెలియజేయాలి. ఆర్సీలో ఎవరి పేరుంటే యాక్సిడెంట్ కేసులో ఓనరు ఆయనే, 2018లో సుప్రీంకోర్టు తేల్చిన సంగతి. చలాను చిన్న విషయం. ఆ బండి ఎవరినన్నా గుద్దితే నోటీసు మీకే. రేపే ఆర్టీఏలో రాతపూర్వకంగా ఇవ్వండి, పోలీస్ స్టేషన్‌లోనూ ఇవ్వండి. బ్రోకరు డబ్బు ఎలా ఇచ్చాడు?

కాలర్: సగం ఫోన్‌పేలో అండి, సగం...

నిపుణుడు: ఆ స్టేట్‌మెంట్ తీసి జత చేయండి. బండి ఇచ్చిన తేదీ, టైము రాసిన డెలివరీ నోట్ ఉందా?

కాలర్: నోట్ అంటే ఏంటండి?

నిపుణుడు: (నిట్టూర్పు) అది కూడా...

యాంకర్: సార్, వార్తలకి టైమ్ అయింది. గుంటూరు నుంచి మాట్లాడినవారు లైన్లోనే ఉండండి, సార్ మీతో మాట్లాడతారు. నమస్కారం.