పెరట్లో కాణీ మోగితే

శ్రోతలకు నమస్కారం. పాత మిద్దె ఇంటి పెరట్లో మెటల్ డిటెక్టర్ తిప్పితే మొదట పలికేది ఇనుమే. తలుపు మేకులు, ఎద్దుల లాడాలు, బావి గిలక ముక్కలు. వాటి మధ్య ఒక్క కాణీని చెవితో పట్టుకోవడమే ఈ పనంతా.

వాన వెలిసి రెండు మూడు రోజులైన నేల మంచిది. మన చిత్తూరు, తిరుపతి వైపు కార్తీకం వానలకు ఎర్రమట్టి మెత్తబడి తవ్వడం సులువవుతుంది. కానీ ఆ ఎరుపు ఇనుప ఆక్సైడ్ వల్ల వచ్చిందే. నేలనే లోహమనుకుని యంత్రం గొణుగుతుంది. ఏ మోతా లేని చోట యంత్రం అడుగున పళ్ళెంలా ఉండే కాయిల్‌ను జానెడు ఎత్తు దాకా పైకీ కిందికీ ఆడిస్తూ గ్రౌండ్ బ్యాలెన్స్, అంటే నేల మోతను యంత్రం పట్టించుకోకుండా చేసే అమరిక, సరిచేయండి. అప్పటికీ గొణిగితే సెన్సిటివిటీ, అంటే యంత్రం చురుకుదనం, తగ్గించండి. దాన్ని పూర్తిగా పెంచితే లోతు పెరుగుతుందనుకుంటారు చాలామంది. ఇలాంటి నేలలో పెరిగేది రొదే.

కాయిల్ నేలకు 2, 3 సెంటీమీటర్ల ఎత్తున సమాంతరంగా సాగాలి. ఊపు చివర పైకి లేపితే లోతు అక్కడే పోతుంది. ప్రతి ఊపూ ముందుదాని మీద సగం పడాలి. 10 అంగుళాల కాయిల్‌కు రూపాయంత నాణెం 15, 20 సెంటీమీటర్ల దాకా అందుతుంది. బంగారు పణం (పాతకాలపు బుల్లి నాణెం) లాంటి చిన్నవి అంత లోతున అందవు. తిన్నె ముందు, బావి చుట్టూ, వేపచెట్టు నీడన మొదట చూడండి. మనుషులు కూర్చున్న చోటే రొంటిలోంచి చిల్లర జారుతుంది. గడప కింద నాణేలు వేసే ఆచారం ఉన్నా అక్కడ తవ్వొద్దు, ద్వారబంధం కదులుతుంది.

రాగి, వెండి ఏ దిక్కు నుంచి తిప్పినా ఒకేలా సన్నగా మోగుతాయి. 1835 నాటి ఈస్టిండియా కంపెనీ కాణీ అయినా, 1943-47 మధ్య వచ్చిన చిల్లుకాణీ అయినా అంతే. తుప్పుమేకు మాత్రం ఒక పక్క నుంచి వెండిలా పలికి మోసం చేస్తుంది. పక్కకు తిరిగి, మొదటి ఊపుకు అడ్డంగా తిప్పితే గుట్టు తెలుస్తుంది. అలాగని ఇనుము మోత అసలే వినబడకుండా యంత్రాన్ని అమర్చుకోవద్దు. 1947 రూపాయి నికెల్‌ది, అయస్కాంతానికి అంటుకుంటుంది, ఇనుములా వినిపించవచ్చు. పొట్లాల రేకు, రాగి-నికెల్ అణా దాదాపు ఒకే గొంతుతో పలుకుతాయి. అక్కడ తవ్వి చూడక తప్పదు.

గడ్డిని మూడు వైపులా కోసి మూతలా ఎత్తండి. పలుగు వద్దు, బొరిగె చాలు. అదీ మోగిన చోటికి నాలుగు వేళ్ళ ఎడంగా గుచ్చాలి. మట్టిని గోనెపట్టా మీద పోసి, గుంతలో మరోసారి కాయిల్ తిప్పండి.

దొరికిన నాణేన్ని బొటనవేలితో రుద్దితే ఇసుక గీస్తుంది. రాగి అనగానే మన చెయ్యి చింతపండు మీదికి పోతుంది. పూజ చెంబుకు అది సరే. నాణేనికి ఆ పులుపు తగిలితే ఆకుపచ్చటి పొర పోతుంది, దానితోపాటే విలువా పోతుంది. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి మెత్తటి గుడ్డతో అద్దండి.

చంద్రగిరి రాజమహల్ లాంటి రక్షిత స్థలాల్లో అనుమతి లేకుండా తవ్వకూడదు. మీ ఇల్లు దాని దాపునే ఉంటే డిటెక్టర్ తీసేముందే పురావస్తు శాఖను అడగండి. సొంత పెరడైనా, 1878 నాటి ట్రెజర్ ట్రోవ్ చట్టం ప్రకారం మట్టిలో దాగిన సొత్తు విలువ 10 రూపాయలు దాటితే కలెక్టర్‌కు రాసి తెలపాలి. ఆ హద్దు ఇప్పుడో టీ ధర. చెప్పకుండా దాచుకుంటే ఏడాది దాకా జైలు పడవచ్చు. ఏం దొరికింది, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఆ ఉత్తరంలో ఉండాలి. కాబట్టి గుంత పూడ్చకముందే చోటు, లోతు, తేదీ చీటీ మీద రాసి నాణెంతోపాటు కాగితం కవర్లో పెట్టండి.