తోక మీద ఏ దళం పేరుంటేనేం?

శ్రోతలకు నమస్కారం.

1982 మే 25. బ్రిటన్, అర్జెంటీనాల మధ్య ఫాక్‌లాండ్స్ దీవుల కోసం యుద్ధం జరుగుతోంది. అట్లాంటిక్ కన్వేయర్ అనే బ్రిటిష్ సరుకు ఓడకు అర్జెంటీనా వాళ్ల ఎక్జోసెట్ క్షిపణి తగిలింది. ఓడలో ఉన్న మూడు చినూక్ హెలికాప్టర్లు కాలిపోయాయి. నాలుగోది ఆ సమయానికి గాల్లో ఉండి బతికిపోయింది. దాని కోడ్ అక్షరాలు బి, ఎన్. రేడియోలో బి అంటే బ్రావో, ఎన్ అంటే నవంబర్. అందుకే దాన్ని బ్రావో నవంబర్ అన్నారు. స్పేర్ పార్టులు, పనిముట్లు అన్నీ ఓడతోనే పోయాయి. అయినా ఆ ఒక్కటే యుద్ధం అయ్యేదాకా ఎగిరింది. ఒకసారైతే 81 మంది పారాట్రూపర్లను ఒకే ట్రిప్పులో కుక్కి తీసుకెళ్లింది. మన షేర్ ఆటో ఏ మూలకు! మిగతా జవాన్లు చాలామంది మూటలు వీపున వేసుకుని బురదనేలల్లో నడిచారు.

ఆ చినూక్ వైమానిక దళానిది. మోసింది సైన్యం మనుషుల్ని. ఓడ తగలబడ్డాక దిగింది నౌకాదళం నౌక మీద. మరి ఇలాంటి బండి ఎవరి మాట వినాలి?

బ్రిటన్ దీనికి 1999 అక్టోబరులో ఒక ఏర్పాటు చేసుకుంది. అప్పుడు పెట్టిన పేరు జాయింట్ హెలికాప్టర్ కమాండ్. నేల మీది యుద్ధానికి సాయపడే హెలికాప్టర్లన్నీ దాని కిందికి వచ్చాయి. జలాంతర్గాములను వేటాడేవి మాత్రం నౌకాదళం దగ్గరే ఉండిపోయాయి. అది సబబే, వాటి పని ఓడతోనే కదా. పైలట్లు యూనిఫాం మార్చుకోలేదు. ఎవరి దళంలో వాళ్లే ఉన్నారు. ఏ హెలికాప్టర్ ఎక్కడికి పోవాలన్నది మాత్రం ఒకే చోట తేలుతుంది. ఆ కమాండ్ అధిపతి కుర్చీలో వేర్వేరు సమయాల్లో మూడు దళాల అధికారులూ కూర్చున్నారు.

ఇది ఎలా నడిచిందో అఫ్ఘానిస్తాన్‌లోని బ్రిటిష్ స్థావరం క్యాంప్ బాస్టియన్‌లో కనబడింది. గాయపడ్డ జవాను కోసం చినూక్ లేచేది. లోపల డాక్టర్లు, రక్తం సంచులు. కాపలాగా పక్కనే దాడి హెలికాప్టర్ అపాచీ. చినూక్ వైమానిక దళానిది, అపాచీ సైన్యానిది. స్ట్రెచర్ మీదున్నవాడికి ఆ తేడాతో పనేముంది?

అలాగని గొడుగు ఒక్కటైతే అన్నీ తీరిపోతాయని కాదు. బ్రిటన్ 1995లో ఆర్డరిచ్చిన ఎనిమిది చినూక్‌లు 2001లో చేతికొచ్చాయి. తీరా చూస్తే, వాటి సాఫ్ట్‌వేర్ సురక్షితమని తేల్చే దారి లేక ఏళ్ల తరబడి షెడ్డులోనే ఉండిపోయాయి. అక్కడ యుద్ధంలో హెలికాప్టర్లు చాలక టెన్షన్, ఇక్కడేమో దుమ్ము పట్టిన కొత్త బండ్లు! కమాండ్ ఉన్నవాటిని పంచగలదు, లేనివాటిని ఎక్కడినుంచి తెస్తుంది?

మన దేశంలోనూ అపాచీలు రెండిళ్లలో ఉన్నాయి. వైమానిక దళం 22 తీసుకుంది, సైన్యం విడిగా ఆరు కొనుక్కుంది. అన్నట్టు, అపాచీ బాడీలు మన హైదరాబాద్‌లోనూ తయారవుతాయి.